షాబ్లీలో వైన్ రుచి చూడబోయేవారికి

బర్గండీ ఉత్తరపు కొసన, సెరేన్ నది ఒడ్డున ఉన్న షాబ్లీకి వెళ్తున్నారా? ముందుగా కబురు పంపకండి. అక్కడ చాలా తోటలు కుటుంబాలవే. కబురు చేస్తే పాపం పని మానుకుని మీకోసం కూర్చుంటారు. సెప్టెంబరు కోతల్లో, ఇంటిల్లిపాదీ ద్రాక్ష తొట్ల దగ్గర ఉన్న వేళ చూసి తలుపు తట్టండి. అత్తరు దట్టంగా పూసుకుని మరీ వెళ్లండి. వైన్‌కి దాని వాసన ఉంది, మనకు మనది ఉండాలి కదా.

యజమాని గ్లాసులో మూడో వంతు కూడా పోయరు. పిసినారితనం సాగనివ్వకండి, అంచుదాకా పోయించుకోండి. కాడ పట్టుకోవడం భయస్తుల పని. బొజ్జ పట్టుకుంటే పది పన్నెండు డిగ్రీల ఆ చల్లదనం వదిలి, వైన్ మన ఎండాకాలపు కుళాయి నీళ్లలా హాయిగా అవుతుంది.

ఆయన నేల సంగతి ఎత్తుకుంటారు: సున్నం కలిసిన బంకమన్ను, సుమారు 15 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు, అందులో చిట్టి ఆల్చిప్పల శిలాజాలు. గ్లాసు ఇంకా ముట్టకపోయినా సరే, 'ఆహా, రాతి రుచి!' అనేయండి. (తాగినవాళ్లూ అదే అంటారు. వేళ్లు రాతి రుచిని నేరుగా పండులోకి మోసుకొస్తాయంటే శాస్త్రజ్ఞులు ఒప్పుకోరు గనుక మీ అబద్ధానికి తోడుంది.) ఆ వెంటనే 'నాకు షార్డనే మాత్రం పడదండీ' అనండి. షాబ్లీ మొత్తం షార్డనేతోనే చేస్తారని ఆయన ముఖమే చెబుతుంది.

తర్వాత ఏప్రిల్ మంచు కథ. చిగుళ్లు మాడకుండా రాత్రంతా తోటలో మైనపు డబ్బాలు వెలిగిస్తారు, లేదంటే చిగుళ్ల మీద నీళ్లు చిమ్ముతారు. ఆ నీరు గడ్డకడుతూ వదిలే వేడే చిగురును కాస్తుంది. అంత పాటుపడ్డా 2021లో పంట ఎంత పోయిందో చెబుతూ ఆయన గొంతు దించుతారు. ధర అడగడానికి అదే అదను. పంట తగ్గినప్పుడు ధర కూడా తగ్గాలి కదా అని గట్టిగా వాదించండి.

సీసా అడుగున మెరిసే పలుకులు కనబడితే 'గాజు పెంకులు!' అని కేక పెట్టండి. అవి చల్లదనానికి పేరుకున్న టార్టారిక్ లవణాలు, ఏ హానీ చెయ్యవు. అయినా కేక పెడితేనే కుటుంబం మొత్తం బయటికొచ్చి పరిచయమవుతుంది.

ఉమ్మడానికి పాత్ర పెడతారు. ఉమ్మి అవమానించకండి. పెటీ షాబ్లీ, షాబ్లీ, ప్రెమియే క్రూ, గ్రాండ్ క్రూ: నాలుగు మెట్లూ మింగుతూ ఎక్కండి. పై మెట్టుకు చేరేసరికి నీళ్లకూ గ్రాండ్ క్రూకూ తేడా తెలియదు. ఏది కొంటారని అడిగితే ఖరీదైనది చూపించండి. షాబ్లీ పేరుతో తెల్ల వైన్ తప్ప మరొకటి రాదు కాబట్టి, లేవబోతూ, 'ఇక ఎర్రవి తెప్పించండి' అనండి.