ఎనిమిదో తరగతి దాకా ఛాంపియన్

మా కరీంనగర్ బాపులను ఆడిపోసుకునేవాళ్లకు ముందే చెబుతున్నా. పిల్లల ఆటల మీద వాళ్లకున్న ప్రేమను శంకించే హక్కు ఎవరికీ లేదు. ఎనిమిదో తరగతి దాకా.

అప్పటిదాకా ఆ ప్రేమకు హద్దుండదు. ఎండాకాలం సెలవులియ్యంగనే అంబేడ్కర్ స్టేడియం ముందర తెల్లారేసరికి బండ్లు ఆగుతాయి. పిలగాడు దిగుతాడు, వాడికంటే పొడుగున్న కిట్ బ్యాగు దిగుతుంది, ఆ తర్వాత బాపుగారి బొర్ర, దాని వెనకాల బాపు. నెట్ అవతల తొమ్మిదేండ్ల మనవాడు ముక్కు మీదికి జారే హెల్మెట్‌ను గ్లవ్స్‌తో పైకి తోసుకుంటుంటాడు. ఇవతల బాపు ఒక చేత్తో జాలి పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని కేకేస్తుంటాడు. "ఎడమ కాలు ముందట పెట్టుర! కోహ్లీ ఎట్ల పెడుతడు?" కోచ్ సారు "నేను చెప్త గద సారూ" అని బతిమాలినా వినడు. ఈయన ఆడిన ఆఖరి మ్యాచ్ డిగ్రీ హాస్టల్ వెనకాల, టెన్నిస్ బాల్‌తో, ఇటుకల వికెట్ల ముందు.

"బాపూ, ఒకటికొస్తుంది."

"ఆగుర, ఈ ఓవర్ కానీయ్. వీడియో తీస్తున్న."

పది గంటలకల్లా ఆ వీడియో స్టేటస్‌లో ఉంటుంది, పైన సింహం బొమ్మ, కింద సినిమా పాట. దుబాయిలో ఉన్న బామ్మర్ది దండం పెడతాడు. నాలుగున్నరకు లేచి రాగిజావ కాచినావిడ, మట్టి పట్టిన తెల్ల ప్యాంటును మోకాళ్ల మీద కూర్చుని రుద్దినావిడ అందులో ఎక్కడా కనబడదు. ఆవిడ వాటా వేరే ఉంది లెండి. ఫోరు కొడితే "నా కొడుకు", డకౌటైతే "నీ కొడుకు".

ఇగ పతకాల సంగతి. మన దగ్గర నేషనల్ లెవెల్ కరాటే పోటీ పెట్టడానికి దేశం అక్కర్లేదు, ఫంక్షన్ హాలు చాలు. పొద్దున నేషనల్స్, సాయంత్రం అదే హాల్లో ఎవరిదో ఎంగేజ్‌మెంట్. ఎంట్రీ ఫీజులోనే మెడల్, సర్టిఫికెట్, మధ్యాహ్నం పులిహోర. వయసు, బరువు, బెల్టు రంగు అంటూ పిల్లల్ని ఎంత సన్నగా చీలుస్తారంటే ఒక్కో కేటగిరీలో ముగ్గురే తేలుతారు. పోడియానికి కూడా మూడే మెట్లుండటం దేవుడి దయ. మర్నాడు తెలంగాణ చౌక్‌లో ఫ్లెక్సీ లేస్తుంది. గజం వెడల్పు నాయకుడి మొఖం, జానెడు కార్పొరేటర్ మొఖం, అడుగున ఓ మూలకు పోస్టల్ స్టాంపంత జాతీయ విజేత.

ఈ పప్పులు ఉడకని చోట్లు కూడా కొన్ని ఉన్నాయి, అదే బాపుకు బాధ. హకీంపేట క్రీడా పాఠశాల, అట్లాంటివే కరీంనగర్‌లో ఒకటి, ఆదిలాబాద్‌లో ఒకటి. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తు, బరువు చూసి, 30 మీటర్లు ఉరికించి, నిలబడ్డ చోటి నుంచి దుంకించి, మెడిసిన్ బాల్ విసిరించి, ఒళ్లెంత వంగుతుందో కొలిచి, 800 మీటర్ల పరుగు పెట్టిస్తారు. బాపు అక్కడికి ఎమ్మెల్యే లెటర్ ప్యాడుతో వస్తాడు. స్టాప్‌వాచ్‌కు చదువు రాదు. ఉట్నూరు దిక్కు ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన పిలగాడు ఉట్టి కాళ్లతో ఉరికి, గీత దాటి, ఊపిరి కూడా తీసుకుని నిలబడేసరికి మన స్టేటస్ సింహం రెండో రౌండులో నడుం పట్టుకుంటుంది. "వాళ్లకు చిన్నప్పటి సంది ఉరుకుడు అలవాటేనాయె. మావోడు కార్ల తిరుగుతడు, ఇద్దరికీ ఒకటే టైమంటే అన్యాయం గదా సారూ?" ఇంత సూటిగా నిజం ఒప్పుకున్న తండ్రిని నేనెక్కడా చూడలేదు.

లెటరు పనిచెయ్యకుంటే పుట్టిన తేదీ ఉండనే ఉంది. రెండుసార్లు పుట్టిన పిల్లలు మన దగ్గర దొరుకుతారు, ఒకసారి ఆస్పత్రిలో, ఇంకోసారి కాగితం మీద. అందుకే క్రికెట్ బోర్డు అండర్-16 పిల్లల మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడుతుంది. మీసేవలో ఎముకలు దిద్దే కౌంటర్ ఇంకా తెరవలేదు.

కొడుక్కు ఎనిమిదో తరగతి దాకా గడువుంది. బిడ్డకు అదీ లేదు. కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడిన పిల్ల పెద్దమనిషైతే ఓణీల ఫంక్షన్ ఘనంగా చేస్తారు. స్టేజీ పక్కన బల్ల మీద కప్పులన్నీ పేరుస్తారు, మైకు పట్టుకున్నతను "మన ఛాంపియన్" అని గొంతు చించుకుంటాడు. వచ్చే సోమవారం ఆమె బూట్లు సజ్జ మీదికి ఎక్కుతాయి. పక్కనున్న నిజామాబాద్‌లో జమీల్ అహ్మద్ బిడ్డను బాక్సింగ్‌కు పంపితే, ఆడపిల్లకు పొట్టి నిక్కర్లేందని చుట్టాలు ఆయన్ను కూడా అడిగారు. ఆయన వినలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ఆ బిడ్డ, నిఖత్ జరీన్, ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. రెండుసార్లూ మన బాపు స్టేటస్ పెట్టాడు: తెలంగాణ ఆడబిడ్డ, గర్వకారణం. బూట్లు ఇంకా సజ్జ మీదే ఉన్నాయి.

అసలు గర్వపడే అర్హత ఉన్న తండ్రి కావాలంటే నిర్మల్ దాకా పోతే చాలు. పి.వి. రమణ గారిది ఆ ఊరే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన వాలీబాల్ జట్టులో ఆడారు, 2000లో అర్జున అందుకున్నారు. భార్య విజయ గారూ వాలీబాల్ క్రీడాకారిణే. అట్లాంటి ఇంట్లో పిల్ల పోయి బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకుంటే "మా ఆట ఏం పాపం చేసింది" అనలేదు. మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఏళ్ల తరబడి ఆ పిల్లను తిప్పారు. మరి 2016 ఆగస్టులో ఆ పిల్ల, సింధు, రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన రాత్రి మనమేం చేశాం? రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసికట్టుగా గూగుల్‌లో ఆమె కులం వెతికాయి. విడిపోయినంక అంత ఐకమత్యం మళ్లీ చూడలేదు. తెల్లారి మా బిడ్డంటే మా బిడ్డని కొట్లాట, ఇక్కడి సర్కారు 5 కోట్లు, అక్కడి సర్కారు 3 కోట్లు. వేలంపాటలో కులం కాలమ్ ఒక్కటే పెట్టలేదు.

మన ఛాంపియన్ తొమ్మిదిలోకి వచ్చాడు. బడి మారింది. కొత్త బడికి నాలుగంతస్తులున్నాయి, ఐఐటీ ఫౌండేషన్ ఉంది, సెల్లార్‌లో క్యారమ్ బోర్డుంది. గ్రౌండ్ ఏదని అడిగితే ప్రాస్పెక్టస్‌లో ఫోటో చూపించారు. కిట్ బ్యాగును బామ్మర్ది కొడుక్కిచ్చారు. మెడళ్లు మాత్రం హాల్లో అద్దాల వెనకాల మెరుస్తున్నాయి. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించి బీరువాలో పెట్టారు, ఉద్యోగాల్లో రెండు శాతం స్పోర్ట్స్ కోటా ఉందని ఎవరో చెప్పారట. ఫంక్షన్ హాలు నేషనల్స్ ఆ కోటాకు చెల్లవని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

2024 ఆగస్టు, పారిస్ ఒలింపిక్స్. నీరజ్ చోప్రా ఈటె విసిరిన రాత్రి బాపు అర్ధరాత్రి దాటేదాకా టీవీ ముందే ఉన్నాడు. చివరికి ఒక వెండి, ఐదు కంచు, బంగారం సున్నా అని లెక్క తేలిన రోజు ఆయన రక్తం ఉడికిపోయింది. "నూట నలభై కోట్ల మందిల ఒక్కనికి చాతగాదా? ఈ దేశంల తల్లిదండ్రులు పిల్లల్ని ఆడనిస్తే గదా!"

లోపలి గదిలోంచి పిలగాడు తలుపు సందున తొంగి చూశాడు.

"నీకేం పనిరా ఈడ? ఫిజిక్స్ పేపరయిందా?"