సెటిలైన పెద్దమనిషి

2025 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని అకోలా జిల్లా మూర్తిజాపూర్‌లో దాదాపు ఖాయమైపోయిన పెళ్లి సంబంధం ఒకటి తప్పిపోయింది. పేచీ కట్నం దగ్గర రాలేదు, జాతకాల దగ్గరా రాలేదు. అమ్మాయి తరఫు బంధువొకాయన అబ్బాయి సిబిల్ రిపోర్టు, అంటే అప్పుల చరిత్ర, చూద్దామన్నాడు. చూశారు. లోన్లు ఎక్కువ, స్కోరు తక్కువ. మాటలు అక్కడితో ఆగిపోయాయి.

ఈ వార్త చదివి మన పెళ్లిళ్ల పేరయ్యలు ఏమనుకున్నారో గానీ, కూకట్‌పల్లిలో ఒక పెద్దమనిషికి మాత్రం నిద్ర పట్టడం మానేసింది. ఆయనకి పెళ్లయి పాతికేళ్లు దాటింది కాబట్టి ఆ భయం లేదు. బాధల్లా ఏమిటంటే, రెండు క్రెడిట్ కార్డుల బాకీ వదిలించుకుని, ఇంటిల్లిపాదికీ బిర్యానీ తెప్పించి, ఆ బిర్యానీ ఇంకా అరక్కముందే ఫోన్లో స్కోరు చూసుకున్నాడు. 580.

అప్పులో ఉన్నప్పుడు కూడా తనకింత అవమానం జరగలేదని ఆయన వాదన.

అప్పు కథ అందరిదీ ఒకటే. బిల్లు మీద చిన్న అక్షరాల్లో ఉండే ‘మినిమమ్ డ్యూ’ కట్టుకుంటూ పోవడం, మిగతాదాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం చొప్పున వడ్డీ పెరుగుతూ పోవడం. మొదటి కార్డు బాకీ భార్య గాజులు అమ్మి పైసలతో సహా కట్టేశాడు. రెండోదాని వాళ్లు లక్షా ఇరవై వేల దగ్గర ఫోన్ చేశారు. “సార్, డెబ్బై ఐదు వేలు కట్టెయ్యండి, క్లోజ్ చేసేస్తాం” అన్నాడు అటువైపు కుర్రాడు. నలభై ఐదు వేలు మిగిలాయని మురిసిపోయి, కాగితం మీద ఏం రాస్తారో అడక్కుండా కట్టేశాడు. కుర్రాడు నోటితో అన్నది ‘క్లోజ్’. రిపోర్టులో పడింది ‘సెటిల్డ్’. మనిళ్లలో “అబ్బాయి సెటిలయ్యాడు” అంటే స్వీట్లు పంచుతారు. బ్యాంకుల దగ్గర సెటిలైనవాణ్ని చూస్తే కుర్చీ వెనక్కి జరుపుకుంటారు. వదిలేసిన నలభై ఐదు వేలని వాళ్లు మర్చిపోలేదన్నమాట.

ఇక అక్కణ్నుంచి స్కోరు పిచ్చి పట్టుకుంది. లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. స్కోరు కట్టే సంస్థలకి బ్యాంకులు మన అప్పుల లెక్కలు ఒకప్పుడు నెలకోసారి పంపేవి, 2025 జనవరిలో అది పదిహేను రోజులకోసారి అయింది. రోజుకి రెండుసార్లు చూస్తే అంకె ఎలా కదులుతుంది? పైగా మన దేశంలో ఈ లెక్క కట్టే సంస్థలు నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఎవరి లెక్క వాళ్లది, ఎవరి అంకె వాళ్లది. పెద్దమనిషి దీనికో పద్ధతి కనిపెట్టాడు. భార్యకి చెప్పేటప్పుడు నాలుగింట్లో పెద్దంకె. చేబదులు అడగొచ్చిన బావమరిదికి చిన్నంకె.

ఆయనకో భయం కూడా ఉండేది, పదేపదే చూసుకుంటే స్కోరు తగ్గుతుందేమోనని. తగ్గదు. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా ఏమీ కాదు. తగ్గించేది వేరే పని. వచ్చిన ప్రతి మెసేజీ నొక్కి, అయిదారు లోన్ యాప్‌లలో ఒకే వారంలో దరఖాస్తు పెట్టడం. ఆయన చూసుకోడానికి భయపడుతూనే ఈ రెండో పని నిర్భయంగా చేశాడు.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. తెల్లకాగితం ఇచ్చొచ్చినా మూడొందల మార్కులు గ్యారంటీ అనుకోకండి. పరీక్షకే రానివాళ్లకి అసలు అంకె ఉండదు. తెనాలిలో ఉండే ఆయన మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. జీవితంలో రూపాయి అప్పు చెయ్యలేదు. వీధిలో చీటీ ఒక్క నెల ఆలస్యం చెయ్యకుండా ఇరవై ఏళ్లు కట్టాడు. కిరాణా కొట్లో ఖాతా ఏ నెలకా నెల చెల్లు. ఆ వైభవమంతా రిపోర్టుకి ఎక్కదు. ఆయన పేరెదురుగా ‘ఎన్‌హెచ్’ అని వచ్చింది, అంటే చరిత్ర లేదని. “నేషనల్ హైవేనా?” అని అడిగాడాయన. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవాళ్లని తిప్పి పంపొద్దని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పిందనీ, ఇంత స్కోరు ఉండి తీరాలని రూలేమీ పెట్టలేదనీ 2025 ఆగస్టులో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. మామగారు సంతోషించాడు గానీ అప్పు మాత్రం అడగలేదు.

ఈ లెక్కల పద్ధతి కనిపెట్టినవాణ్ని పెద్దమనిషి రోజూ తిడుతుంటాడు. కాస్త అన్యాయమే. 2010లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ గొడవ గుర్తుందా? ఒకే ఇంటికి నాలుగు సంస్థలు అప్పిచ్చినా ఒకదాని సంగతి ఒకదానికి తెలిసేది కాదు. వారం వాయిదాల మీద వారం వాయిదాలు. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చాక వసూళ్లు కుప్పకూలాయి. ఆ తర్వాతే ఒకరికి రెండుకు మించి మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పివ్వకూడదని రిజర్వ్ బ్యాంకు 2011లో హద్దు పెట్టింది. ఎవరికెంత బాకీ ఉందో రాసిపెట్టే పుస్తకం లేకపోతే ఆ హద్దు ఎవరు కనిపెట్టి చూసేవారు?

సరే, అప్పుల్లోంచి బయటపడ్డ మనిషికి ఈ అంకెతో పనుందా? ఉంది, మళ్లీ అప్పు అడిగే రోజున. నలభై లక్షల ఇంటి లోను ఇరవై ఏళ్లకి తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతానికి నెల వాయిదా ముప్పై నాలుగు వేల ఏడొందల చిల్లర. తొమ్మిదిన్నరకి ముప్పై ఏడు వేల మూడొందల దగ్గర. మొత్తం మీద తేడా ఆరు లక్షల పైచిలుకు. చాలా బ్యాంకులు ఇంటి లోను వడ్డీని స్కోరుని బట్టే తేలుస్తాయి కాబట్టి అప్పుడు అంకె చూసుకోవాల్సిందే. కానీ నిన్నగాక మొన్న సెటిల్‌మెంటు చేసుకున్నవాడికి ఆ తొందరెందుకు? 2023 జూన్ నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, వ్యవసాయ రుణాలు కానివాటిలో రాజీ చేసుకున్న మనిషికి ఆ బ్యాంకు కనీసం పన్నెండు నెలలు కొత్త అప్పివ్వకూడదు. ఆ ఏడాదంతా రోజూ స్కోరు చూసుకోవడం మూసేసిన కొట్టు ముందు నిలబడి ధరల బోర్డు చదవడమే.

అప్పు అక్కర్లేదు, ఉద్యోగం కావాలనుకున్నా ఈ రిపోర్టు అడ్డురావచ్చు. అప్పుల రికార్డు బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకు పక్షానే తీర్పు చెప్పింది. చదువు అప్పు విషయంలో కేరళ హైకోర్టు 2023లో ఇంకోలా చెప్పింది: స్కోరు తక్కువన్న కారణంతో విద్యార్థికి లోను నిరాకరించకూడదని. పెద్దమనిషి వయసుకి ఈ రెండూ వర్తించవు. అయినా రెండూ కంఠతా పట్టాడు.

ఆయనకి నిజంగా పనికొచ్చింది అంకె కాదు, దాని కింద ఉన్న గళ్లు. ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచీ ఉన్న రూలే. అందులో ఒక్కో ఖాతా కింద నెలకో గడి, మూడేళ్లవి. గడువులోగా కడితే 000. ఆలస్యమైతే ఎన్ని రోజులో ఆ సంఖ్య. పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఒక జూన్‌లో 031: అమ్మాయి కాలేజీ ఫీజు. దాని పక్క నెల 062. అక్టోబరులో 000, ఆ నెల దసరా బోనస్ వచ్చింది. నవంబరు నుంచి మళ్లీ 030. అది దీపావళికి కొన్న టీవీ. డైరీ రాసే అలవాటు లేని మనిషికి బ్యాంకు ఇంత శ్రద్ధగా డైరీ రాసిపెట్టిందని తెలిశాక కోపం కొంత తగ్గింది. కొత్త గడి చేరినప్పుడల్లా పాతది ఒకటి అవతలికి పోతుంది. ఆ కొత్తవి సున్నాలైతే చాలు, స్కోరు మెల్లగా దానంతటదే లేస్తుంది.

సున్నాలు రావాలంటే ఏదో ఒక అప్పు ఉండాలి కదా! కొత్త కార్డు ఎవరూ ఇవ్వరు. అప్పుడు బ్యాంకులో అమ్మాయి ఉపాయం చెప్పింది. ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే దాని మీద కార్డు ఇస్తారు. అంటే తన డబ్బు తనే తాకట్టు పెట్టి, అందులోంచే అప్పు చేసి, గడువులోగా కట్టి, తను నమ్మదగినవాడినని నిరూపించుకోవాలి. పనిచేసే ఉపాయమే. పాలకీ కరెంటు బిల్లుకీ వాడి, వచ్చిన బిల్లు మొత్తం కట్టేస్తున్నాడు.

మధ్యలో ఒక ‘సిబిల్ డాక్టరు’ తగిలాడు. అయిదు వేలూ, పాన్ కార్డూ, ఫోనుకొచ్చే ఓటీపీ ఇస్తే ‘సెటిల్డ్’ మాయం చేస్తానన్నాడు. నిజంగా జరిగినదాన్ని రిపోర్టులోంచి ఎవరూ తుడిచెయ్యలేరు. తప్పు పడితే దిద్దించుకోడానికి ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఫిర్యాదు చెయ్యడం ఉచితం. పెద్దమనిషి అయిదు వేలు ఇవ్వలేదు. పిసినారితనం ఒక్కోసారి తెలివితేటల పని చేసిపెడుతుంది.

చివరికి బోనస్ రాగానే ఆ మిగిలిన నలభై ఐదు వేలూ బ్యాంకుకి కట్టి, ఈసారి మాత్రం ముందు కాగితం, తర్వాత డబ్బు అన్నాడు. నో డ్యూస్ లెటర్ చేతికొచ్చింది. రెండు నెలలైనా రిపోర్టులో మాట మారలేదు. ఫిర్యాదు పెట్టాడు. పెడుతూ ఒక రూలు చదివాడు. ఫిర్యాదు ముప్పై రోజుల్లో తేల్చకపోతే, ఆ పైన రోజుకి వంద రూపాయలు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కాలిక్యులేటర్ తీశాడు. బ్యాంకు ఓ నాలుగొందల యాభై రోజులు బద్ధకిస్తే నలభై ఐదు వేలూ వెనక్కొచ్చేస్తాయి! ఆ రోజు నుంచి స్కోరు చూడ్డం మానేసి, బ్యాంకు నిర్లక్ష్యం నిలవాలని శనివారం శనివారం వెంకన్నకి దణ్ణం పెట్టుకోవడం మొదలెట్టాడు. ఏనాడూ రెండు రింగులకి ఫోనెత్తని ఆ బ్యాంకు ఇరవై ఆరో రోజుకే ‘క్లోజ్డ్’ అని మార్చేసింది. ఆ బ్యాంకుని ఆయన ఇప్పటికీ క్షమించలేదు.