హిమసంహారి

మన మధ్యతరగతి గృహములలో నొక జాతి పురుషుఁడు గలఁడు. ఏడాది పొడవునను ఫ్రిజ్జును చన్నీళ్ల సీసా కొఱకు మాత్రమే తెఱచి, తెఱచిన తలుపు మూయుట పరుల ధర్మమని భావించు నతఁడు, ఏదో యొక యాదివారమున ఫ్రీజరులో మంచు గుట్టగాఁ బేరుకొని పాలపాకెట్టు దానిలో సమాధియై యుండుటఁ గాంచి, తన జన్మము దీని సంహారమునకే యని నిశ్చయించుకొని లుంగీ యెగఁగట్టును.

మొదట నుపన్యాసము. తలుపు తెఱచినపుడెల్ల వెలుపలి తేమ లోనికిం జొచ్చి చల్లని గోడలపై గడ్డకట్టుననియు, ఆ పొర 6 మిల్లీమీటర్లు మించెనేని చలికే యడ్డుగోడయై, కంప్రెసరు విరామము లేక శ్రమించి కరెంటు బిల్లు పెంచుననియు సెలవిచ్చును. ఇదంతయు సత్యమే. సెలవిచ్చుచున్నంతసేపును తలుపు బార్లా తెఱచి యుండుటయు సత్యమే.

పిదప విచారణ. పులిసిన దోసెల పిండి, చింతపండు గుజ్జు, వడలిన కరివేపాకు, తిరుపతి లడ్డులో మిగిలిన తునుక, మూత దీయ నెవ్వరికిని ధైర్యము చాలని స్టీలు గిన్నె.

“ఇదెప్పటిదే?”

“మీ చెల్లెలు పంపిందండీ.”

అంతటితో నభియోగము కొట్టివేయఁబడి, గిన్నె సగౌరవముగా బల్లపైఁ బ్రతిష్ఠింపఁబడును.

ఇఁక యుద్ధము. నాబు నడుమనున్న డీఫ్రాస్టు బటను నొక్కి కొన్ని గంటలు మిన్నకుండిన మంచు తానై కరఁగి క్రింది ట్రేలోనికి దిగును; గోరువెచ్చని నీటఁ గొంచెము వంటసోడా కలిపి, గుడ్డ తడిపి లోపలఁ దుడిచి, తలుపు రబ్బరు మడతలలోని బూజు దీసినఁ బని ముగియును. కాని యందుఁ బౌరుష మెక్కడిది? అతఁ డట్లకాడ నందుకొనును. ఆ గోడలోని అల్యూమినియపు గొట్టము లెంత పలుచనివో యెఱుఁగని యా వీరుని పోటొక్కటి గుఱి తప్పెనా, లోని గ్యాసు ‘సుయ్‌’మని పోవును, దాని వెంటనే జీతములోఁ గొంత మెకానిక్కు నింటికిఁ బోవును. అదృష్టవశమున వ్రేళ్లు ముందే కొంకర్లు పోవుటచే నతఁడు కాఫీకై విరమించి దినపత్రికలో మునుఁగును. తక్కినదంతయు నిల్లాలు చేయును. సోమవారము ఆఫీసులో విజయగాథ మాత్ర మతఁడే చెప్పును.

పాఠకురాండ్రారా, మీ యింట నిట్టి మహానుభావుఁడున్నచో, శనివారమే పాలు కాచుకొని, బటను నొక్కి, అట్లకాడను బియ్యపు డబ్బాలో దాఁచుఁడు.