పొత్తుల మగడు

నెదర్లాండ్స్ నాయకులకు బొత్తిగా లౌక్యం తెలియదు. 2023 నవంబరులో అక్కడ ఎన్నికలయ్యాయి. వలసలు ఆపేస్తానని ఊదరగొట్టిన గీర్ట్ వైల్డర్స్ పార్టీకి 150 సీట్ల సభలో 37 వచ్చాయి, అందరికంటే ఎక్కువ. ఆ పార్టీలో సభ్యుడు ఒక్కడే, అది వైల్డర్సే. కార్యవర్గ సమావేశానికి అద్దం ఉంటే చాలు. అంత సుఖమైన పార్టీ ఉండి కూడా మెజారిటీ కోసం ఆయన ఇంకో మూడు పార్టీల గడప తొక్కాల్సి వచ్చింది. నలుగురూ నెలల తరబడి బేరాలాడి, ఏం చేస్తామో 26 పేజీల ఒప్పందం రాసుకున్నారు. మీవాడొద్దంటే మీవాడొద్దనుకుని, డిక్ స్కోఫ్ అనే ఉన్నతాధికారిని ప్రధానిని చేశారు. 2024 జూలై 2న ప్రమాణ స్వీకారం. ఏడాది తిరక్కుండానే, 2025 జూన్ 3న, వలసల మీద నా పది డిమాండ్లకూ ఒప్పుకోలేదంటూ వైల్డర్స్ లేచిపోయాడు. ఆగస్టులో ఇంకో పార్టీ దిగిపోయింది. అక్టోబరు 29న మళ్లీ ఎన్నికలు. వైల్డర్స్ 37 నుంచి 26కు జారాడు. ఆగస్టులో దిగిపోయిన పార్టీకి అంతకుముందు 20 సీట్లుండేవి, ఇప్పుడు సున్నా.

ఇదీ వాళ్ల తెలివి! రాసుకోవడం, రాసుకున్నదాని మీద కొట్టుకోవడం, జనం దగ్గరికి పోయి వాతలు పెట్టించుకోవడం. మన్యంలోని మా రాజవొమ్మంగి సెంటర్లో నాలుగు రోజులుంటే కూటమి కాపురం ఎలా చేయాలో నేర్చుకుని పోయేవారు.

మా ఆంధ్రాలో 2024 అసెంబ్లీ ఎన్నికల్లో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి 175కి 164 గెలిచాయి. టీడీపీకి ఒక్కదానికే 135. అంటే రాష్ట్రం నడపడానికి పక్కవాళ్ల చేయి అక్కర్లేదు. అటు ఢిల్లీలో బీజేపీ 240 దగ్గర ఆగింది, కావలసింది 272. టీడీపీ ఎంపీలు 16 మంది. ఒకరికి ఇక్కడ అక్కర్లేదు, ఇంకొకరికి అక్కడ అవసరం. ఇంత చక్కటి జాతకం కుదిరాక గొడవలెందుకొస్తాయి? పోనీ 26 పేజీల ఒప్పందమేదైనా రాసుకున్నారా అంటే, అబ్బే. కూటమిలో అసలు చర్చలు జరిగేది ఫ్లెక్సీల షాపులో. మోదీగారి తల ఎంత, బాబుగారి తల ఎంత, పవన్ గారు పక్కనా పైనా, లోకేశ్ గారు ఎక్కడ, మండల నాయకుడి మెడలో మూడు కండువాల్లో ఏది పైకి కనబడాలి. ఈ లెక్క తేలితే సుపరిపాలన మొదలైనట్టే.

ఒప్పందం లేకపోతే లేకపోయింది, మ్యానిఫెస్టో ఉంది కదా అంటారా? 2024 ఏప్రిల్ 30న ఉండవల్లిలో ఆ మ్యానిఫెస్టో విడుదల చూసినవాళ్లెవరూ మరచిపోలేరు. వేదిక మీద చంద్రబాబు, పవన్ కల్యాణ్, పక్కన బీజేపీ తరఫున సిద్ధార్థ్ నాథ్ సింగ్. బాబుగారి చేతిలో కాపీ, పవన్ గారి చేతిలో కాపీ. బీజేపీ పెద్దమనిషి మాత్రం చేయి చాపలేదు. అట్ట మీద మోదీగారి బొమ్మ కూడా లేదు. ఓట్ల పెళ్లికి వచ్చి భోంచేసి, సాక్షి సంతకం మాత్రం పెట్టనన్నట్టు. ఆ ఒక్క ఫొటో చాలు, రాజనీతి శాస్త్రం పుస్తకాలన్నీ అటకెక్కించొచ్చు.

ఆ కాగితంలోవే సూపర్ సిక్స్ అనే ఆరు హామీలు. ఇచ్చినవి ఇవ్వలేదనడం అన్యాయం. ఆ ఆరులో లేని పింఛనూ 4 వేలయింది. తల్లికి వందనం 15 వేలు, అందులో 2 వేలు బడి నిర్వహణకు కోసుకుని తల్లి ఖాతాలో 13 వేలు పడ్డాయి. అన్నదాత సుఖీభవ 20 వేలల్లో 6 వేలు ఢిల్లీ పీఎం కిసాన్ సొమ్మే, రెండు బొమ్మలూ పడ్డ ఒకే చెక్కు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. కొండ మీది గూడెపు ఆడపడుచుకు ఈ ఉచితం కొత్త కాదు. బస్సెళ్లే దారే లేని చోట టికెట్ ఏనాడూ కొనలేదావిడ. ఇక 18 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకు నెలకు 1,500 ఇస్తామన్న ఆడబిడ్డ నిధి. అది ఇవ్వాలంటే ఆంధ్రాను అమ్మాలని వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడే ఓ సభలో అనేశారు. పాపం, నిజం నోరుజారింది. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, 2025 సెప్టెంబరు 10న, అనంతపురంలో మూడు పార్టీలూ కలిసి ‘సూపర్ సిక్స్ సూపర్ హిట్’ సభ జరుపుకున్నాయి. ఆరులో ఒకటి గడప దాటకుండానే ఆరూ హిట్ కొట్టడం తెలుగు సినిమాలో కూడా చూడలేదు.

ఇదంతా రాష్ట్రానికంతటికీ ఉన్న భోగం. మన్యానికి ప్రత్యేక భోగాలున్నాయి. ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలు నూటికి నూరూ గిరిజనులకేనన్న జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. దాన్ని తిరిగి నిలబెడతామని ఎన్నికల ముందు బాబుగారు మాటిచ్చారు. ముఖ్యమంత్రి కాగానే పెట్టిన మొదటి సంతకం 16,347 పోస్టుల మెగా డీఎస్సీ మీద. జీవో 3 గతి తేలకుండానే డీఎస్సీ నడిచింది, మన్యం బంద్‌లు చేసుకుంది. ఎవర్ని అడగాలి? టీడీపీ కార్యకర్తను అడిగితే చేయి ఢిల్లీ వైపు చూపిస్తాడు, అయిదో షెడ్యూలంటాడు. బీజేపీ కార్యకర్త అమరావతి వైపు చూపిస్తాడు, మ్యానిఫెస్టో వాళ్లదంటాడు. జనసేన కుర్రాడు ‘అన్నకు చెప్తాం’ అంటాడు. మూడు వేళ్లు మూడు దిక్కులు చూపిస్తాయి. నాలుగో దిక్కున మేం నిలబడి ఉంటాం.

1/70 సంగతి చూడండి. మా భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపుతున్న చట్టమది. 2025 జనవరిలో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సులో, హోటళ్లు కట్టుకోవడానికి ఆ చట్టాన్ని సడలించాలని స్పీకర్ అయ్యన్నపాత్రుడు సలహా పారేశారు. ఫిబ్రవరిలో మన్యం 48 గంటలు మూతబడింది. చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. చూశారా, కూటమిలో ఇంకో సౌకర్యం! గిల్లడానికొకరు, జోకొట్టడానికొకరు. ఒంటరి పార్టీకి ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయాలి, అలసిపోతాడు.

పవన్ గారిది మరో దారి. 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట మొదలెట్టారు. 1,005 కోట్లు, 625 గూడేలకు రోడ్లు. వేసిన ప్రతి అడుగుకూ దండం పెడతాం, డోలీలో గర్భిణిని మోసిన భుజాలకు ఆ విలువ తెలుసు. ఊళ్లో జనం చెప్పుల్లేకుండా నడుస్తున్నారని తెలిసి ఆయన అందరికీ చెప్పులు కూడా పంపారు. మంచి మనసే. అయితే చెప్పులు కొరియర్లో వస్తాయి గానీ జీవో రాదు. ఉప ముఖ్యమంత్రి దయ చూపితే వార్త, మంత్రివర్గం బాధ్యత తీసుకుంటే చట్టం. కూటమిలో మొదటిది కావలసినంత దొరుకుతుంది.

మరి ఒంటరి సింహమే నయమా? అదీ చూశాం. 2019లో 151 సీట్ల జగన్ గారికి ఏ పొత్తూ లేదు. జీవో 3 పోయింది ఆయన హయాంలోనే. తప్పు నెట్టడానికి పక్కవాడు లేడు, అయినా అది తిరిగి నిలబడలేదు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని తూర్పు గోదావరి నుంచి తీసి అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపి, కలెక్టరును పాడేరు కొండల మీద కూర్చోబెట్టారు. కూటమి వచ్చి, 2025 చివర్లో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా చేసి మమ్మల్ని అందులో వేసింది. ఆఫీసు దగ్గరైంది, సంతోషమే. పోలవరం ఊరు మాత్రం ఏలూరు జిల్లాలోనే ఉంది. 1922 ఆగస్టు 24న రామరాజు దాడి చేసిన పోలీసు స్టేషన్ మా రాజవొమ్మంగిది, మేం ఇప్పుడు ఆయన పేరున్న జిల్లాలో లేం. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు తిరిగొచ్చిన ఘనత మాది.

అభ్యర్థుల తిరుగుడు ఇంకా ఘనం. 2014లో ఫ్యాను గుర్తు మీద అరకు ఎంపీ అయిన కొత్తపల్లి గీత, తర్వాత సొంత పార్టీ పెట్టుకుని, 2024లో కమలం పట్టుకుని కూటమి అభ్యర్థిగా అదే అరకులో ఓటడిగారు. ఓడారు. పెద్దల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. బాబుగారు 2018 మార్చిలో బీజేపీతో తెగదెంపులు చేసుకుని, అదే ఏడాది తెలంగాణలో కాంగ్రెస్‌తో చేయి కలిపి, 2024కు మళ్లీ బీజేపీ ఇంటికొచ్చారు. కేంద్రం ఇచ్చిన ప్యాకేజీని పవన్ గారు 2016లో కాకినాడ సభలో పాచిపోయిన లడ్డూలన్నారు. ఇప్పుడు అదే పంక్తిలో ఆకేసుకుని కూర్చున్నారు. డచ్చి వాళ్లకు ఇంత జీర్ణశక్తి ఎక్కడిది?

వాళ్ల ప్రభుత్వం కూలిందని మనం నవ్వుకుంటాం. కూలింది, నిజమే. ఎందుకు కూలిందో, ఎవరు కూల్చారో ఓటరుకు అక్షరాలా తెలిసింది, ఎవరికి తోచిన శిక్ష వాళ్లు వేశారు. మా కూటమి కూలదు. ఏ మాట ఎవరిదో తేలనప్పుడు ఎవర్ని దించుతాం? పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని మన పెద్దలు ఊరికే అన్నారా? భర్త ఉమ్మడి అయితే మందు పొయ్యడానికి నువ్వంటే నువ్వంటారు. మా మన్యానికి ఇచ్చిన హామీలు ఇప్పుడా మంచం మీదే ఉన్నాయి.

రామరాజు చింతపల్లి స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోతూ, ఏం తీసుకున్నాడో రాసి సంతకం పెట్టి మరీ వెళ్లాడు. దోచుకున్నవాడే లెక్క రాసిచ్చిన నేల ఇది. ఓట్లు పట్టుకుపోయినవాళ్లు రాసివ్వలేరా? వచ్చే ఎన్నికలకు ముగ్గురూ కలిసే రండి, ఇంకో ముగ్గుర్ని వెంటబెట్టుకుని రండి, మాకు అభ్యంతరం లేదు. జీవో 3 ఎవరి పూచీ, 1/70 ఎవరి పూచీ, గూడెం రోడ్డు ఎవరి పూచీ, ఏ నెలకల్లా అన్నది వరసగా రాసి, కింద పార్టీకో సంతకం పెట్టండి. ఆ కాగితాన్ని రాజవొమ్మంగి సంతలో అందరూ చేత్తో పట్టుకుని చదవండి. చేతులు కట్టుకుని నిలబడేవాడెవడైనా ఉంటే, వాడి గుర్తు ఎదుటి బటన్ దగ్గర మేమూ చేతులు కట్టుకునే నిలబడతాం.