ముందు నీళ్లు, తర్వాత బోట్లు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు దగ్గర జనానికి సరదా కావాలంటే బోట్లు, సెల్ఫీ పాయింట్లు రావాలట. ఆ ముచ్చట హుస్సేన్‌సాగర్‌లో ఎప్పుడో తీరింది. ఈ చెరువులాగే అదీ కుతుబ్‌షాహీల కాలపుదే, ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. ఇప్పుడు బోట్లున్నాయి, 1992లో నిలబెట్టిన బుద్ధుడున్నాడు, ముక్కు మూసుకోకుండా చూసే భాగ్యమే కరువు. బోట్లే పాడు చేశాయా అంటారేమో. కాదు, మురుగు పాడు చేసింది. ఒడ్డున లైట్లు వెలగగానే మురుగు మాట మరిచాం, అదీ తంటా. మరి ఆదాయమో? టికెట్టు సరదాకు దగ్గర్లోనే రామోజీ ఫిల్మ్‌సిటీ ఉంది కదా! చెరువుకు కావలసింది నడవడానికి కట్ట, నీడకు నాలుగు చెట్లు, లోతు చెప్పే బోర్డు, పిల్లలకు ఈత నేర్పే మనిషి. అయ్యా, ముందు వాననీరు వచ్చే కాలువలకు అడ్డు తీయండి. లేదంటే బోట్లకు చక్రాలు కూడా కొనాల్సి వస్తుంది.