దవడ బండి దగ్గర ఇరవై నిమిషాలు

నా కడుపులో మందు లేదు. ఇంజెక్షన్ సూదిలా నేను బోలు కాను, నిలువెల్లా ఉక్కునే. పొడవు 25 మిల్లీమీటర్లు, లావు 0.25. పట్టుకోవడానికి పైన రాగితీగ చుట్టారు. పుట్టింది చైనాలోని సుజౌలో. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేసి ఒక్కదాన్నే సంచిలో మూసేశారు. ఒకే మనిషికి, ఒకే ఒక్కసారి. అంతే నా ఆయుష్షు.

మా వంశం పాతది. క్రీ.పూ. 113లో పోయిన లియూ షెంగ్ అనే రాకుమారుడి సమాధి 1968లో మాన్‌చెంగ్ దగ్గర బయటపడితే, అందులో నాలుగు బంగారు సూదులు, అయిదు వెండివి దొరికాయి. ఈ దేశానికి మేం వచ్చిన దారి కలకత్తా మీదుగా. 1938లో భారత వైద్యబృందంలో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్ళిన డాక్టర్ బిజొయ్ కుమార్ బసు, తర్వాత ఆక్యుపంక్చర్ అనే ఈ సూదివైద్యం అక్కడే నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు.

నన్ను విప్పింది విజయవాడలో. బల్లమీద పడుకున్నది ఒక టీచరమ్మ. మూడేళ్ళుగా కుడి దవడ పీకుతోంది. నిద్రలో పళ్ళు కొరుకుతుందట. ఆ సంగతి కూతురు చెప్తేగానీ ఆవిడకే తెలియదు. పొద్దున లేచేసరికి చెంప రాయిలా ఉంటుంది. నొప్పి పంటిదే అనుకుని దవడపన్ను ఒకటి పీకించుకుంది. పన్ను పోయింది, నొప్పి పోలేదు. వింటుంటే నాకు బాధేసింది. నమిలే కండరం బిగుసుకుంటే ఆ నొప్పి దవడపళ్ళలోనే ఉన్నట్టు తోస్తుంది. మొదట్లోనే ఎవరైనా ఆ చెంప నొక్కి చూసి ఉంటే, ఆ పన్ను ఇవాళ నోట్లోనే ఉండేది.

డాక్టరమ్మ నోరు తెరవమంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి, రెండే పట్టాయి.

"పళ్ళు గట్టిగా బిగించండి మేడమ్."

దవడ మూలకు వేలి వెడల్పంత ముందు కండరం ముద్దలా లేచింది. చైనావాళ్ళు ఆ చోటును చియాచె అంటారు, దవడ బండి అని అర్థం. "ఇప్పుడు వదిలెయ్యండి" అంటూనే చర్మం మీద ఆనించిన సన్నని గొట్టంలోంచి నన్ను ఒక్క తట్టు తట్టింది.

చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినంతే. దాని కింద కండరంలో బిగించిన నులకతాడు లాంటి పేట ఒకటి తగిలింది. నా మొన తాకగానే అది ఒక్కసారి ఎగిరిపడి నన్ను పట్టేసుకుంది. మెల్లగా తిప్పుతుంటే, "బరువుగా ఉందండీ, చెవిదాకా లాగుతోంది" అంది టీచరమ్మ. చీ, అంటే ప్రాణశక్తి, వచ్చిందని చైనావాళ్ళు చెప్పే గుర్తు ఈ బరువే. నా తోటి సూదిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ గుచ్చబోతూ, గర్భం లేదు కదా అని డాక్టరమ్మ అడిగింది. గర్భిణులకు అక్కడ గుచ్చరు.

ఆ చోటుకు ఒక కథ ఉంది. 1977లో అక్కడే సూది వేసి పంటినొప్పి తగ్గించి, ఆ తర్వాత నల్లమందు తరహా మందుల పనిని అడ్డుకునే నాలోక్సోన్ ఇచ్చారు. తగ్గిన నొప్పి తిరిగొచ్చింది. నొప్పిని అణిచే రసాయనాలు ఒంట్లోనే ఊరుతున్నాయని అలా అనుకున్నారు. దవడ బాధల మీద 1992లో స్వీడన్‌లో సూదివైద్యాన్నీ, పళ్ళకు పెట్టుకునే తొడుగునూ పోల్చి చూశారు. ఊరికే ఎదురుచూసినవారికంటే రెండు వర్గాలవారికీ మేలైంది. కానీ అసలు చోటు కాకుండా పక్కన, పైపైన గుచ్చినా నొప్పి అంతే తగ్గిన పరీక్షలూ ఉన్నాయి. ఆ మాట దాచుకోను. నొప్పితో వచ్చిన మనిషికి నిజం తెలియాలి. మంచి చెయ్యి పడితే నా వల్ల ఊరట ఉంటుంది. ఆవిడ పళ్ళు కొరకడం మాత్రం నేను మాన్పించలేను.

పదిహేనో నిమిషంలో ఆ పేట వదులైంది. నన్ను పట్టుకున్న పట్టు జారడం నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ ఊపిరి నెమ్మదించింది. ఇరవయ్యో నిమిషంలో నన్ను తీసి దూది ఒత్తారు. ఒక్క చుక్క రక్తం. మళ్ళీ నోరు తెరిస్తే రెండు వేళ్ళ పక్కన మూడోది సగం దాకా పట్టింది.

నన్ను తెల్లటి అర్ధపారదర్శకమైన గట్టి డబ్బాలో వేశారు. గుచ్చుకునే లోహాలన్నిటికీ చివరికి చోటు అదే. ఇంకొకరి రక్తంలోకి నా మొన పోకూడదు. ఆ నియమం నాకెంతో ఇష్టం.

డబ్బాలోంచి వినిపించింది: "జామకాయ తినొచ్చా అండీ?"

"వారంపాటు కొరక్కండి. సన్నగా ముక్కలు కోసుకోండి. రాత్రిళ్ళు పళ్ళ తొడుగు పెట్టుకోవడం మానకండి. మంగళవారం రండి."

మంగళవారానికి ఇంకో సూది అరలో ఉంది, విప్పని సంచిలో.