సర్కారువారి కాలేజీ

"తప్పు చెయ్యనోడికి భయమెందుకంట?" పల్నాడులో బెల్లంకొండ అడ్డరోడ్డు టీ కొట్లో ఈ మాటకు తిరుగులేదు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయుల్ని, చాలామందికి చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు వేసి, అమృత్‌సర్‌కు మోసుకొచ్చినప్పుడూ ఇదే మాట. పేపర్లో జాబితా వెతికారు. హర్యానా, గుజరాత్, పంజాబ్... మనోళ్లు లేరు. అమ్మయ్య! "దొంగదారిన పోతే గొలుసులెయ్యక దండలేస్తారా?" అని ఓ పెద్దాయన తీర్పు కూడా చెప్పేశాడు. ఆయన కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు, పక్కా కాగితాలతో. మర్నాడు రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్ గారు, ఇలా కట్టేసి పంపడం 2012 నుంచీ ఉన్న పద్ధతేనని సెలవిచ్చారు. పాతదైతే మర్యాదే కాబోలు.

సరే, పక్కా కాగితాల సంగతే చూద్దాం.

మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటుండేది. వెబ్‌సైటు ఉంది, లాటిన్‌లో నినాదం ఉంది, సర్కారు గుర్తింపు ఉంది, విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 కాగితం ఇచ్చే అధికారం ఉంది. లేనివల్లా పాఠాలూ, మాస్టార్లూ. మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాడికి ఇదో వింత కాదు. తనిఖీ రోజున అద్దెకు దిగే ప్రొఫెసర్లను చూసిన కళ్లవి. కానీ మన కాలేజీ ఓనరు ఎంత ఘనుడైనా, ఫీజు కట్టిన పిల్లాణ్ణి తనే జైలుకు పంపడు. ఫార్మింగ్టన్ ఓనరు పంపాడు. ఎందుకంటే అక్కడ ఓనరే పోలీసు. 2015లో తెరిచిన ఆ దుకాణం సాక్షాత్తూ అమెరికా ఇమిగ్రేషన్ శాఖది. 2019 జనవరి ఆఖర్లో 130 మంది విద్యార్థుల్ని పట్టుకుంటే, 129 మంది మన దేశం పిల్లలు. అందులో తెలుగువాళ్లే మెండు. పిల్లల్ని చేర్పించిన దళారులంటూ కేసు పెట్టిన ఎనిమిది మందివీ మన పేర్లే. ఎక్కడికెళ్లినా తెలుగువాడి కన్సల్టెన్సీ తెలుగువాడికి తప్పదు.

క్లాసులు లేవని వాళ్లకు తెలుసు, ఉద్యోగం చేసుకునే అనుమతి కోసమే చేరారు అని సర్కారు వాదన. కొట్టిపారెయ్యలేం. చాలామందికి తెలిసే ఉంటుంది, ఎవరూ పాలుతాగే పసివాళ్లు కాదు. అయితే నిజంగా చదువుకుందామనే డబ్బు కట్టానంటూ కోర్టుకెక్కినవాడూ ఉన్నాడు. నా ఫీజు నాకివ్వండి అన్నాడు. అప్పుడు సర్కారు చెప్పిన జవాబుంది చూశారూ, దాన్ని పటం కట్టించుకోవాలి. కాంట్రాక్టు, గింట్రాక్టు జాన్తానై, మేం సార్వభౌమ ప్రభుత్వం, మా మీద ఈ దావా చెల్లదు! ఫీజు పుచ్చుకునేటప్పుడు యూనివర్సిటీ, తిరిగిమ్మంటే సార్వభౌమత్వం. నకిలీ మిరప విత్తనాలమ్మిన కొట్టాయన, మొలక రాలేదని రైతు నిలదీస్తే, లోపలికెళ్లి ఖాకీ చొక్కా తొడుక్కొచ్చి, నకిలీ సరుకు కొన్నందుకు రైతు మీదే కేసు రాసినట్టు. కింది కోర్టు ఆ వాదనకు ఊఁ కొట్టింది కూడా. 2024 జూన్‌లో పైకోర్టు కాదంది, దావా నడవాల్సిందేనంది.

మరి తప్పు చెయ్యనివాడు ఏం చెయ్యాలి? కాలేజీ అసలుదో కాదో తెలియాలంటే సర్కారువారి జాబితా చూసుకోవాలి. చూసుకున్నారు. జాబితాలో ఫార్మింగ్టన్ ఉంది.

అంతకు ముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ ఉండేది. అది ప్రైవేటు మోసం, నడిపినావిడకు తర్వాత పదహారేళ్లకు పైగా జైలు పడింది. కానీ ముందుగా శాస్తి జరిగింది పిల్లల కాళ్లకు. రేడియో పట్టీలు బిగించారు. ఇదేం అన్యాయమని ఇక్కడ గోల చేస్తే, అక్కడ అది ఫ్యాషనే, హాలీవుడ్ తారలూ పెట్టుకుంటారన్నట్టు హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్ అధికారిణి ఒకరు నచ్చజెప్పారు. చేను తాకట్టు పెట్టి పంపిన తండ్రికి కొడుకు స్టారయ్యాడని తెలిస్తే ఎంత ఊరట!

పోనీ, అసలు కాలేజీలో చేరితే గండం గడిచినట్టేనా? 2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల రికార్డులు అమెరికా సర్కారువారి విదేశీ విద్యార్థుల చిట్టా సెవిస్‌లో రద్దయ్యాయి. కొందరికి ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసే ముంచింది. కోర్టుల్లో వరసగా మొట్టికాయలు పడ్డాక నెలాఖరుకు మళ్లీ ప్రాణం పోసుకున్నాయి.

ఇక అదే ఏడాది జూన్ 18. ఆ రోజు అమెరికా విదేశాంగ శాఖ, విద్యార్థి వీసా కావాలంటే సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టాలని ప్రకటించింది. దేశ భద్రత కోసం. సరిగ్గా అదే రోజు బెల్లంకొండకు అట్టే దూరం లేని సత్తెనపల్లి మండలం రెంటపాళ్లలో మాజీ ముఖ్యమంత్రి పర్యటన. సినిమా డైలాగు రాసిన ప్లకార్డు పట్టుకున్నందుకు ఓ కుర్రాడి మీద కేసు. అలాంటి ఊరేగింపుల రీళ్లు మా కుర్రాళ్ల ఫోన్ల నిండా ఉన్నాయి, అటు పార్టీవీ, ఇటు పార్టీవీ. కత్తి ఎమోజీలు, తొడగొట్టే పాటలు, "మా అన్న జోలికొస్తే" అని మొదలయ్యే శపథాలు. వీటిని వీసా ఆఫీసరు అనువాదం చేయించుకుని చదివితే పల్నాడు మొత్తం అమెరికా మీద దండెత్తబోతోందనుకుంటాడు.

తుడిచేస్తే సరిపోదా అంటారా? ఖాతా దాచినా, అసలు లేకపోయినా, ఏదో కప్పిపుచ్చుతున్నాడని అనుమానించవచ్చని ఆ ఆఫీసర్లకు ముందే ఆదేశాలు వెళ్లాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం వాళ్లను తప్పుపట్టలేను. ఎన్నికల ఏడాది ఏ పార్టీ పోస్టూ పెట్టని కుర్రాడంటే పల్నాడులో మాకూ అనుమానమే.